‘అమా’ అంటే నాన్న: తగాలోగ్ నేర్చుకున్న నా అనుభవం

ఫిలిప్పీన్స్‌లో వైద్యవిద్యకు పిల్లల్ని పంపే ఏజెంట్లు గుంటూరులోనైనా హైదరాబాద్‌లోనైనా ఒకే మాట చెబుతారు: “అక్కడ చదువంతా ఇంగ్లీషులోనే, భాషతో ఇబ్బందే లేదు.” అందులో అబద్ధం ఏమీ లేదు. పాఠాలు ఇంగ్లీషులోనే చెబుతారు, పరీక్షలు ఇంగ్లీషులోనే పెడతారు. కాకపోతే రోగికి కడుపునొప్పి ఇంగ్లీషులో రాదు. మనీలా ప్రభుత్వాసుపత్రిలో ఓపీ బెంచీ మీద కూర్చున్న పెద్దాయన తన బాధను అక్కడి భాష తగాలోగ్‌లోనే చెప్పుకుంటాడు. పక్కన నర్సు ఉండి, ఆమెకు తీరిక ఉంటే ఇంగ్లీషులో వివరిస్తుంది. లేకపోతే కేస్ షీటు పట్టుకుని ఆయన ముఖం మనం, మన ముఖం ఆయన చూసుకోవాలి. సీనియర్లు కొందరు అలా నిలబడిపోవడం చూశాక, నాకు వార్డు డ్యూటీలు పడకముందే ఒక నోటు పుస్తకం కొన్నాను.

పేజీకి మూడు గళ్లు గీసుకున్నాను. మొదటి దాంట్లో మాట, రెండో దాంట్లో అది ఎవరి నోట విన్నానో, మూడో దాంట్లో ఆ మాట పుట్టిల్లు. మూడో గడితో చదువుకు పనేమీ లేదు. చిన్నప్పటి నుంచీ నాకున్న పిచ్చి అది. ఆ పిచ్చే నాకు మాటల్ని గుర్తుండేలా చేసింది. అదే అప్పుడప్పుడు పక్కదారి కూడా పట్టించింది.

నేర్చుకోవాల్సిన మొదటి మాట ‘పో’. తెలుగువాడి చెవికి అది పొమ్మన్నట్టే ఉంటుంది. కానీ తగాలోగ్‌లో అది మన ‘అండీ’. పెద్దవాళ్లతో, కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు వాక్యంలో ఎక్కడో ఒకచోట ‘పో’ తగిలించాలి. అవునండీ అంటే ‘ఓపో’. కాదండీ అంటే ‘హిందీ పో’. (‘హిందీ’ అంటే అక్కడ ‘కాదు’. “మీరు హిందీవాళ్లా?” అని అడిగిన ఆటోవాడికి మా ఖమ్మం స్నేహితుడు “హిందీ పో” అన్నాడు. జవాబు రెండు విధాలా సరిపోయింది.) జీప్నీ (అక్కడి షేర్ బండి) ఆపాలంటే “పారా పో”, డబ్బులు ముందుకు అందించాలంటే “బాయద్ పో”. ‘పారా’ ఆగమనే స్పానిష్ మాట, ‘బాయద్’ చెల్లింపుకు మలయ్‌లో వాడే ‘బాయర్’ నుంచి వచ్చిన మాట. ఒక జీప్నీ ప్రయాణంలోనే రెండు ఖండాల మాటలు నోటికి వస్తాయి. ఇంగ్లీషులో ఎంత మర్యాదగా అడిగినా ముభావంగా ఉండే గుమస్తా, చివర ఒక్క ‘పో’ చేర్చగానే మెత్తబడటం నేను చాలాసార్లు చూశాను. అండీ లేని భాష నుంచి వచ్చిన నా తోటి విద్యార్థులకు ఇది పట్టుబడటానికి చాలాకాలం పట్టింది. మనకు మాత్రం అండీ ఎక్కడ పెట్టాలో ఎవరూ నేర్పనక్కరలేదు, దాన్ని ‘పో’గా మార్చుకుంటే చాలు.

తరువాతి బడి కూరగాయల సంత. సంతను ‘పలెంగ్కె’ అంటారు. ఇది స్పానిష్ మాట, మెక్సికో మీదుగా వచ్చింది. వారాంతపు అంగళ్లను ‘త్యాంగ్గే’ అంటారు. అది మెక్సికో ఆదివాసుల నవాత్ల్ భాష మాట. 1565 నుంచి 1815 దాకా మనీలాకూ మెక్సికో రేవు అకపుల్కోకూ మధ్య స్పెయిన్ ఓడలు నడిచాయి. వెండి, పట్టు, మిరప, చిలగడదుంప ఎలా అటూ ఇటూ వెళ్లాయో వాటి పేర్లూ అలాగే వెళ్లాయి. మిరపకాయ ‘సీలీ’, టమాటా ‘కమాతిస్’, చిలగడదుంప ‘కమోతె’: మూడూ నవాత్ల్ మూలాలే. అన్నిటికన్నా నాకు నచ్చింది తామరకు పూసే ఒక ఆకు. దాని పేరే ‘అకపుల్కో’. ఓడ ఎక్కిన రేవు పేరే మొక్కకు అంటుకుంది.

నేను వెళ్లే దుకాణంలో కూర్చునే ఆవిడను ‘ఆతె’ అని పిలిచేదాన్ని. అక్క అని అర్థం. అన్నను ‘కూయా’ అంటారు. ఈ రెండూ చైనాలోని ఫూజియన్ తీరం నుంచి వచ్చినవాళ్ల హొక్కియన్ భాషవి. 1594లో ఏర్పడిన మనీలా చైనాబజారు బినోందోలో ఆ వర్తకుల సంతతి ఇప్పటికీ ఉంది. వాళ్లు సోయా చిక్కుడు రసం ‘తోయో’, తాళంచెవి ‘సూసీ’, నూడుల్స్ ‘పన్సిత్’ ఇచ్చారు. ఖాతాదారుకూ ఖాతా కొట్టువాడికీ కలిపి ఒకే మాట ఇచ్చారు, ‘సూకీ’. నేను ఆవిడకు సూకీ, ఆవిడ నాకు సూకీ. సూకీ అయ్యాక బేరం ఆడక్కరలేదు, ఆవిడే ఒక కట్ట ఎక్కువ వేస్తుంది. కొత్తలో మాత్రం బేరమాడాలి. బేరాన్ని ‘తావద్’ అంటారు. క్షమాపణకూ అదే మాట. ముష్టివాడికి ఏమీ ఇవ్వలేనప్పుడు “పతావద్ పో” అంటారు, క్షమించండి అని. ధర తగ్గించడమూ తప్పు మన్నించడమూ ఒకే మాటలో ఒదిగిపోవడం మొదట విడ్డూరంగా అనిపించింది. వడ్డీ మాఫీ చేశారని మనమూ అంటాం, మాఫీ చేయండి అని వేడుకుంటాం కదా అని తట్టాక విడ్డూరం పోయింది.

“ఆంగ్ మహల్ నమన్!” ఇది సంతలో నేను ఎక్కువగా విన్న మాట. అబ్బ, ఎంత ప్రియమో అని. ‘మహల్’ అంటే ప్రేమ కూడా, ఎక్కువ ధర కూడా. ఇక్కడ నాకు ఏ నిఘంటువూ అవసరం రాలేదు. ఉల్లిపాయలు ప్రియమయ్యాయని మా అమ్మ అంటూనే ఉంటుంది.

ఉల్లిపాయ అంటే గుర్తొచ్చింది. ‘సిబూయస్’ స్పానిష్ బహువచనం, అక్కడ ఏకవచనంగా స్థిరపడింది. సపాతోస్, మన్సానస్ కూడా అంతే, ఒక్క జోడుకూ ఒక్క యాపిల్‌కూ అదే బహువచనం. చిన్న ఉల్లిని ‘సిబూయస్ తగాలోగ్’ అంటారు. మనం వండుకునే పెద్ద ఉల్లి ‘సిబూయస్ బుంబాయ్’. బుంబాయ్ అంటే భారతీయుడు, బొంబాయి నుంచి వచ్చిన మాట. మోటారుసైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి ఐదు ఇచ్చి ఆరు వసూలు చేసే వడ్డీవ్యాపారులు ఎక్కువగా పంజాబీలు. వాళ్ల మీద పడిన పేరు మనందరికీ అంటింది. అల్లరి చేసే పిల్లల్ని బుంబాయ్ గోనెసంచిలో వేసుకుపోతాడని భయపెట్టడమూ ఉంది. ఒక బుడతడు నన్ను చూసి వాళ్లమ్మ వెనక దాక్కున్నాడు. నేను తెనాలి పిల్లనని వాడికి ఎలా చెప్పడం?

అదే కొట్టులో ఆకుల కట్టలు తడిగోనె మీద పేర్చి ఉండేవి. ఈనె పట్టుకుని ఒక్క లాగు లాగితే ఆకులన్నీ గుప్పిట్లోకి రాలే ఆకు. పేరు అడిగితే ‘మలుంగ్గాయ్’ అంది. మునగాకు! తమిళ మురుంగై, మలయ్‌లో మెరుంగ్గాయ్, ఇక్కడ మలుంగ్గాయ్. తినోలా అనే కోడిపులుసులో పచ్చి బొప్పాయి, అల్లంతో పాటు దీన్ని వేస్తారు. కాయ ఏం చేస్తారని అడిగాను. ఉత్తరాదిన ఇలోకోస్ వాళ్లు తింటారట, తను మాత్రం ఎప్పుడూ వండలేదంది. మునక్కాడలు పులుసులో ఎలా ఉంటాయో వివరించే పాటి తగాలోగ్ అప్పటికి నాకు రాదు. చేతులతో అభినయించాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. మరో మాట కూడా ఆ కొట్టులోనే దొరికింది, ‘పతోలా’. సంస్కృతంలో పటోల ఉంది, మనకు పొట్ల ఉంది. కానీ బుట్టలోంచి తీసి చూపించినది బీరకాయ.

సంస్కృతం సంగతికి వస్తాను. ఈ భాగం చెబితే మన వాళ్లకు కళ్లు మెరుస్తాయి. అందుకే కాస్త జాగ్రత్తగా చెప్పాలి. నా మూడో గడిలో మాటలు పోగయ్యాక ఒక వరస కనిపించింది. సంస్కృతపు ‘ర’ తగాలోగ్‌లో చాలాచోట్ల ‘ల’ అవుతుంది. ‘చ’ స్థానంలో ‘స’ వస్తుంది, ‘వ’ స్థానంలో ‘బ’. ఇది పట్టుకుంటే తలుపులు తెరుచుకుంటాయి. ‘బలీతా’ అంటే వార్త. ‘సలీతా’ అంటే మాట, మూలం చరిత. రుచి ‘లాసా’, మూలం రసం. వంశం ‘బన్సా’ అయి దేశం అనే అర్థం తెచ్చుకుంది. వెల ‘హలగా’, మూలం అర్ఘ. వెలకట్టలేని రత్నాన్ని మనం అనర్ఘ రత్నం అంటాం కదా, ఆ అర్ఘ. నమ్మకం ‘సంపలతాయా’, సంప్రత్యయం. ఇక ‘ముత్యా’ అంటే వేరే చెప్పనక్కరలేదు, ముత్యమే. వీటిని నేను ఒక్కసారి విని మళ్లీ మరచిపోలేదు. పక్కన కూర్చునే నైజీరియా విద్యార్థి ఇవే మాటల్ని చీటీల మీద రాసి గోడకు అంటించుకునేవాడు.

అయితే రూపం దొరికినంత సులువుగా అర్థం దొరకదు. ‘దుఖా’ అంటే దుఃఖం కాదు, పేదవాడు. ‘బుద్‌హీ’ అంటే తెలివి కాదు, అంతరాత్మ. ‘గూరో’కు ఆధ్యాత్మిక గౌరవమేమీ లేదు, బళ్లో జీతానికి పాఠం చెప్పే టీచరు. లెక్కలైతే మరీ తమాషా. ‘లక్సా’ అంటే లక్ష కాదు, పదివేలు. లక్షకు ‘యూతా’ అంటారు. దాని మూలమైన ‘అయుతం’ సంస్కృతంలో పదివేలు! సముద్రం దాటేలోపు రెండూ స్థానాలు మార్చుకున్నాయి. అదృష్టవశాత్తూ ఇప్పుడు బజారులో ఎవరూ వీటితో లెక్కపెట్టరు. వస్తువులను ఇసా, దలవా, తత్లో అని సొంత అంకెలతో లెక్కపెడతారు. గడియారం చూసి టైము చెప్పడమంతా స్పానిష్ అంకెలతోనే. ధరలూ చాలావరకు అంతే: ఇరవై ‘బెంతె’, యాభై ‘సింగ్క్వెంతా’. పెద్ద మొత్తమైతే ఇంగ్లీషు. మూడూ రాకపోతే చిల్లర చూసుకోవడం కష్టం.

మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే “ఫిలిప్పీన్స్ భాష సంస్కృతం నుంచే పుట్టింది” అనే సందేశాలు నన్ను విసిగించేది ఇందుకే. తగాలోగ్ ఆస్ట్రొనేషియన్ భాష. మలయ్, జావా, హవాయి, మడగాస్కర్ భాషలు దాని చుట్టాలు. సంస్కృత పదాలు కొన్ని వందలు ఉండవచ్చు. అవీ ఎక్కువగా మలయ్, జావా భాషల మీదుగా చేతులు మారి వచ్చినవే. స్పానిష్ మాటలు వేలల్లో ఉన్నాయి, వాటి గురించి స్పెయిన్‌వాడు కూడా ఇంత హడావిడి చేయడు. ‘అసావా’ అంటే జీవిత భాగస్వామి, అది ‘స్వామి’ నుంచి వచ్చిందని ఒకాయన నాతో గట్టిగా వాదించాడు. అది భార్యకూ వాడతారు, భర్తకూ వాడతారు. దాని జ్ఞాతులు ఆస్ట్రొనేషియన్ భాషల్లో దీవి దీవికీ ఉన్నాయి. చెవికి ఒకేలా వినిపించడం చుట్టరికానికి సాక్ష్యం అయితే ‘అమా’ అంటే అమ్మ కావాలి. తగాలోగ్‌లో ‘అమా’ నాన్న, అమ్మ ‘ఇనా’.

ఇంత చెప్పినా, రిజాల్ పార్కు పక్కన జాతీయ మానవశాస్త్ర మ్యూజియంలో ఒక రాగిరేకు ముందు నిలబడినప్పుడు నాకు ఒళ్లు జలదరించిన మాట నిజం. 1989లో లగూనా రాష్ట్రంలో లుంబాన్ దగ్గర నదిలో దొరికింది. మామూలు నోటు పుస్తకం పేజీ కన్నా పెద్దదేమీ కాదు. లిపి కావి, అంటే పాత జావా లిపి. భాష చాలావరకు పాత మలయ్. పక్కన రాసి ఉన్న పాఠం ఇలా మొదలవుతుంది: “స్వస్తి. శక వర్షాతీత 822, వైశాఖ మాస, చతుర్థి, కృష్ణపక్ష, సోమవార...” అంటే క్రీ.శ. 900. మన తామ్రశాసనాల ఎత్తుగడే. ఇంకాస్త చదివితే అది రాజు ప్రశస్తి కూడా కాదు, నమ్వరన్ అనే మనిషి కుటుంబం అప్పు తీరిపోయిందని ఇచ్చిన రసీదు. దాని పేరు ‘విశుద్ధపత్ర’. ఇచ్చినవాడు తుందున్ సేనాపతి. తుందున్ అంటే ఇప్పటి తోందో, మనీలాలోని ఇరుకు పేట. మా ఆసుపత్రికి అక్కడి నుంచి చాలామంది రోగులు వస్తారు. సేనాపతి, పత్రం, సోమవారం అనే మాటలు పదకొండు వందల ఏళ్ల కిందట అక్కడ చెల్లుబాటైన కచేరీ మాటలు. ‘సోమవారం’ అనే మాట మాత్రం ఆ తరువాత నిలబడలేదు, ఇప్పుడు అక్కడ ‘లూనెస్’ అంటారు, స్పానిష్.

ఇక వార్డు. ఇక్కడ మూడో గడి దాదాపు ఖాళీ. శరీరానికి, నొప్పికి సంబంధించినవి చాలావరకు సొంత మాటలే. తల ‘ఊలో’, పొట్ట ‘త్యాన్’, జ్వరం ‘లగ్నత్’, దగ్గు ‘ఉబో’. ముఖం ‘ముక్‌హా’ ఒక్కటే మనకు చుట్టం. “సాఆన్ పో మసకిత్?” ఎక్కడ నొప్పండీ? ఈ వాక్యం వచ్చాక, వేలితో చూపిస్తారు కాబట్టి సగం పని అయిపోతుంది. “కైలన్ పో నగ్సిములా?” ఎప్పుడు మొదలైందండీ? ఈ ప్రశ్న అడగడం తేలిక, జవాబు అర్థం చేసుకోవడమే కష్టం. ‘సిగూరో’ అనే మాట దగ్గర ప్రత్యేకంగా చెవి ఒగ్గాలి. స్పానిష్‌లో ‘సెగూరో’ అంటే ఖాయం. తగాలోగ్‌లో ‘సిగూరో’ అంటే బహుశా. మందులు వేసుకున్నారా అంటే “సిగూరో” అన్న రోగిని మా రెసిడెంట్ డాక్టరు మళ్లీ నాలుగు ప్రశ్నలు అడిగాకే వదిలింది.

నడుము పట్టుకుని వచ్చిన ఒక జీప్నీ డ్రైవరు తనకు “బతోలో బతో ఉంది” అన్నాడు. ‘బతో’ అంటే రాయి. మూత్రపిండానికీ బతో అనే పేరు. రెండోది ఏది, మొదటిది ఏది అని నేను ఆలోచిస్తుంటే ఆయన జేబులోంచి చిన్న ప్లాస్టిక్ సంచి తీసి నా చేతిలో పెట్టాడు. లోపల ఆవగింజ కన్నా కాస్త పెద్దది, ముళ్లముళ్లుగా గోధుమరంగు రాయి. అది పడిన రోజు ఎంత నరకం చూశాడో చెబుతూ వచ్చాడు. మాటలు సగమే అర్థమయ్యాయి, ముఖం చూస్తే మిగతా సగం తెలిసింది. ‘సూకా’ కూడా అలాంటిదే. చివర గొంతు నొక్కి ఆపితే వెనిగర్, ఆపకుండా వదిలేస్తే వాంతి. కడుపునొప్పి కేసులో రెండూ వచ్చే అవకాశం ఉంది.

పాఠ్యపుస్తకంలో లేని జబ్బులకు మాత్రం నా తెలుగు ఇల్లే పనికొచ్చింది. ఇస్త్రీ చేసి వెంటనే చన్నీళ్లలో చేయి పెడితే ‘పస్మా’ వస్తుందంటారు. కొత్తవాళ్లు పసిపిల్లను ముద్దుచేసి వెళ్లాక బిడ్డ పాలు తాగకుండా ఏడిస్తే అది ‘ఊసోగ్’. తల్లి ఇది చెప్పినప్పుడు నా సహాధ్యాయి ఒకతను పెదవి బిగించాడు. దిష్టి అన్న మాట తెలిసినదాన్ని కాబట్టి నేను తల ఊపి, బిడ్డకు జ్వరం చూశాను. దగ్గుకు ‘లగుందీ’ సిరప్ వాడుతున్నామని చాలామంది చెబుతారు. అది అక్కడి ఆరోగ్య శాఖ ఆమోదించిన పది మూలికల్లో ఒకటి. చెట్టును చూసేదాకా పేరు అలాగే రాసుకున్నాను. కళాశాల ప్రహరీ పక్కన చూపిస్తే, ఆకు నలిపి వాసన చూస్తే, మన వావిలి. బాలింతల స్నానపు నీళ్లలో వేసే ఆకు.

వ్యాకరణంలో నాకు ఉచితంగా వచ్చినది ఒకటుంది. తగాలోగ్‌లో ‘మేము’కు ‘కమీ’, ‘మనం’కు ‘తాయో’. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్లు ఈ రెండింటి మధ్య నలిగిపోతారు. క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చిన నా రూమ్మేటుకు దీన్ని ప్రార్థనతో చూపించాను. అక్కడి ప్రభువు ప్రార్థన “అమా నామిన్” అని మొదలవుతుంది. ‘నామిన్’ అంటే ‘మా’, ‘మన’ కాదు. దేవుడితోనే మాట్లాడుతున్నప్పుడు ‘మన తండ్రీ’ అనరు కదా. “పరలోకమందున్న మా తండ్రీ” అని ఆమె వెంటనే అందుకుంది. వార్డులో ఇది బాగా పనికొస్తుంది. “రేపు మనం ఎక్స్‌రే తీయించుకుందాం” అని రోగిని కలుపుకోవాలంటే తాయో, “మేము చర్చించి చెబుతాం” అనాలంటే కమీ. తేడా రోగికి వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు తగాలోగ్‌లో రోగి చరిత్ర తీసుకోవడం నాకు కష్టం కాదు. వేగంగా మాట్లాడే కుర్రకారు, టీవీ హాస్యం మాత్రం ఇంకా చేజారిపోతుంటాయి. వచ్చే విడత డ్యూటీలు దక్షిణాన దవావోలో. అక్కడ మన తెలుగు విద్యార్థులు చాలామంది ఉన్నారు, ఊళ్లో మాట్లాడేది ఎక్కువగా సెబువానో. ముందే వెళ్లిన ఖమ్మం స్నేహితుడు జాబితా పంపిస్తున్నాడు. మనీలాలో ‘లంగ్గాం’ అంటే చీమ, అక్కడ పిట్ట. ‘పో’ అక్కడి భాషలో లేనే లేదట. మర్యాద చూపడానికి మరి ఏం వాడతారని అడిగాను. జవాబు రాగానే రెండో నోటు పుస్తకం మొదలుపెట్టాలి.